బ్రౌజరుకు వచ్చినది పాఠకునికి వచ్చినట్లేనా?

గోదావరికి కుడిగట్టున, భద్రాచలమునకు ఎదురుగా ఉన్న సారపాక పేరు చెప్పగానే అందరికిని జ్ఞాపకము వచ్చునది అచ్చటి కాగితపు కర్మాగారము. నాలుగు దశాబ్దములకు పైగా అచ్చట కాగితమును, అట్టలును తయారగుచున్నవి. అట్టి కాగితముపై ఒక పాఠ్యపుస్తకమును అచ్చువేసినామనుకొందము. దానిని హైదరాబాదులో తెరచినను, బూర్గంపాడులో తెరచినను, దుమ్ముగూడెము అడవి అంచున ఒక పాఠశాలలో తెరచినను పుట ఒక్కటే. అక్షరము మారదు; పటము చోటు మారదు. పది సంవత్సరములు గడచిన పిమ్మట తెరచినను అంతే. అచ్చుపుట అచ్చుయంత్రము దగ్గరనే పూర్తియైనది. చదువరికి కావలసినది కన్నును, కొంచెము వెలుతురును మాత్రమే.

వెబ్ పుట ఇట్టిది కాదు. మన ఫోనుకు గాని, కంప్యూటరుకు గాని దూరమునుండి వచ్చి చేరునది పుట కాదు. పుటను కట్టుటకు వ్రాసిన సూచనల మూట మాత్రమే. ఇల్లు కట్టుటకు మేస్త్రి చేతికిచ్చిన పటము వంటిది అది. ఆ పటమును చూచి, చదువరి ఎదుటనే, చదువరి యంత్రములోనే పుటను కట్టెడి మేస్త్రి పేరు బ్రౌజరు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారి, ఎడ్జ్ మొదలైనవన్నియు ఇట్టి మేస్త్రులే. పటములో ఒక క్రొత్త గుర్తు ఉండి, మేస్త్రికి అది తెలియకున్నచో ఏమగును? ఒక మేస్త్రి ఆ గుర్తును విడిచి మిగిలినది కట్టును. మరియొకడు అసలు పనియే మానివేయును. అచ్చుపుటకు లేని ఈ చిక్కు వెబ్ పుటకు పుట్టుకతోనే ఉన్నది.

బ్రౌజర్లకు ప్రతి సంవత్సరమును క్రొత్త సదుపాయములు పెక్కు వచ్చుచున్నవి. 'ఈ సదుపాయము ఇప్పుడు అన్ని బ్రౌజర్లలోను వచ్చినది, ఇక నిశ్చింతగా వాడుకొనవచ్చును' అని చెప్పుటకు ఒక కొలబద్ద కూడ ఏర్పడినది. ఆ కొలబద్ద మంచిదే. కాని అది కొలుచునది బ్రౌజరును, పాఠకుని కాదు. ఈ భేదమును మరచినచో నష్టపడువారు సారపాక వంటి చోటుల నున్న చదువరులే. కావున దానిని కొంచెము నిదానముగా విమర్శించుట అవసరము.

సదుపాయము ఎట్లు వచ్చును?

1990లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున తొలి బ్రౌజరును వ్రాసినప్పుడు మేస్త్రి ఒక్కడే, తగవు లేదు. 1993లో మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వెలువడినవి. ఒకరిని మించవలెనని ఒకరు పటముల భాషకు తమకు తోచిన క్రొత్త మాటలు చేర్చిరి. 'ఈ పుటను ఫలానా బ్రౌజరుతోనే చూడవలెను' అని పుట అడుగున వ్రాసికొను ఆచారము ఆ పోటీలో పుట్టినదే. పుస్తకము అట్టమీద 'దీనిని ఫలానా దుకాణములో కొన్న కళ్ళజోడుతోనే చదువవలెను' అని వ్రాసినట్లుండెను ఆ స్థితి.

నేడు ఆ స్థితి చాలవరకు మారినది. వివిధ సంస్థలవారు కూర్చుండి ప్రమాణములు వ్రాసికొనుచున్నారు. ప్రతి సదుపాయమునకును పరీక్షలు తయారుచేసి, అన్ని బ్రౌజర్లకును అవే పరీక్షలు పెట్టుచున్నారు. 2022 నుండి 'ఇంటరాప్' అను పేర ఏటేట కొన్ని సదుపాయములను ఎన్నుకొని, వానిని అందరును ఒకే తీరుగ పనిచేయించుటకు ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా మొదలైన సంస్థలు కలిసి కృషి చేయుచున్నవి. ప్రత్యర్థులు ఇట్లు ఒక బల్ల చుట్టు కూర్చుండుట సామాన్యమైన విషయము కాదు.

అయినను సదుపాయము అన్నిటికి ఒకేనాడు రాదు. ఒక ఉదాహరణ చూడుడు. పుటకు రూపమునిచ్చు భాషను సి.ఎస్.ఎస్. అందురు. అందులో 'హ్యాజ్' అను ఒక సదుపాయము గలదు. 'లోపల బొమ్మ ఉన్న ప్రశ్నలకు మాత్రమే వెడల్పైన చట్రము వేయుము' అన్నట్టి సూచనను దానితో ఒక్క వాక్యములో చెప్పవచ్చును. ఇది 2022 మార్చిలో సఫారికి వచ్చినది. అదే సంవత్సరము ఆగస్టులో క్రోమ్‌కు వచ్చినది. ఫైర్‌ఫాక్స్‌కు వచ్చుసరికి 2023 డిసెంబరు అయినది. మొదటిదానికిని చివరిదానికిని నడుమ 21 నెలలు.

పుటలు వ్రాయువారికి ఇన్ని తేదీలు జ్ఞాపకముంచుకొనుట కష్టము. అందువలన 2023లో 'బేస్‌లైను' అను కొలబద్ద ఏర్పడినది. దాని నియమము సులభమైనది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారి అను నాలుగింటిలోను ఒక సదుపాయము చేరిన దినమున అది 'క్రొత్తగా లభించినది' అగును. అప్పటినుండి 30 నెలలు గడచినచో 'విస్తారముగా లభించునది' అగును. 'హ్యాజ్' విషయమున ఆ గడువు నిండునది 2026 జూన్‌లో. ఇంత స్పష్టమైన లెక్క ఇదివరకు లేదు. ఒక్క బ్రౌజరును నమ్మి పుటలు వ్రాసెడి దురభ్యాసమును ఇది తగ్గించును. దీనిని ఏర్పరచినవారు దీని హద్దులను దాచలేదు. పాత పరికరముల సంగతిని, వికలాంగులు వాడు సాధనముల సంగతిని వేరుగా చూచుకొనవలెననియే చెప్పుచున్నారు. చిక్కంతయు ఆ హెచ్చరికను విడిచి, ముద్రను మాత్రమే చూచువారితో వచ్చుచున్నది.

మొదటి లోపము: గడియారము ఎవరిది?

30 నెలల గడియారము బ్రౌజరు విడుదలైన నాటినుండి తిరుగును. ఆ బ్రౌజరు చదువరి చేతిలోని పరికరములోనికి ఎక్కినదా లేదా అనునది ఆ గడియారమునకు తెలియదు.

'బ్రౌజరు తనంతట తానే నూతన రూపమునకు మారుచుండును గదా' అని మీరడుగవచ్చును. మారును, కాని కొంతదూరమే. బ్రౌజరు తన అడుగున నున్న ఆపరేటింగు సిస్టముపై ఆధారపడును. క్రోమ్ బ్రౌజరు 119వ రూపముతో ఆండ్రాయిడ్ 7ను విడిచిపెట్టినది. 2025 ఆగస్టులో వచ్చిన 139వ రూపము నడచుటకు ఆండ్రాయిడ్ 10 గాని, అంతకు పైది గాని ఉండవలెను. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9తో ఆగిన ఫోను 138 దగ్గర నిలిచిపోవును. విండోస్ 7 ఉన్న కంప్యూటరులో క్రోమ్ 109తో, అనగా 2023 జనవరితో ఆగిపోయినది. ఐఫోనులో సఫారి మారవలెనన్నచో ఫోను ఆపరేటింగు సిస్టమే మారవలెను. ఒక పరికరము పనిచేయుచునే ఉండును. మాట వినబడును, బొమ్మ కనబడును. కాని దానిలోని మేస్త్రికి క్రొత్త పాఠములు ఆగిపోయినవి.

ఇంకొక ఉదాహరణ మరింత స్పష్టమైనది. పుటను అడ్డగీతలు, నిలువుగీతలు గల గడులుగా విభజించి అమర్చుటకు 'గ్రిడ్' అను సదుపాయము 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారి మూడింటిలోను వచ్చినది. అక్టోబరునాటికి ఎడ్జ్‌లోను చేరినది. నేటి కొలబద్దతో చూచినచో 2020 ఏప్రిల్‌నాటికి అది 'విస్తారముగా లభించునది'. మన దేశమున తక్కువ వెలకు లక్షలమంది చేతికి వచ్చిన జియోఫోను కూడ 2017లో వెలువడినదే. దానిలోని బ్రౌజరు కాయ్ ఓ.ఎస్. వారిది, దాని లోపలి ఇంజను 2016నాటి ఫైర్‌ఫాక్స్ 48తో సమానమైనది. గ్రిడ్ ఫైర్‌ఫాక్స్‌కు వచ్చినది 52వ రూపములో. అనగా గ్రిడ్ పుట్టిన సంవత్సరమే పుట్టిన ఫోనుకు గ్రిడ్ తెలియదు! 30 నెలలు కాదు, 60 నెలలు గడచినను ఆ ఫోనుకు అది తెలియదు. కొలబద్ద లెక్కించు నాలుగు బ్రౌజర్లలో ఈ ఫోను బ్రౌజరు లేదు. ఒపెరా మినీ వంటివియు లేవు.

ఆ నాలుగింటిలోను మరియొక విశేషము గలదు. 2020 జనవరి నుండి ఎడ్జ్ కూడ క్రోమ్ ఇంజనుతోనే నడచుచున్నది. కావున పేర్లు నాలుగైనను ఇంజనులు మూడే.

ఊరిలో ఒక ఫోను పలువురి చేతులు మారును. అన్న పాతఫోను తమ్మునికి వచ్చును. పట్నములో వాడి విడిచినది పల్లెలో అమ్ముడుపోవును. అట్టి ఫోనులోనే ఒక విద్యార్థి పదవతరగతి ఫలితము చూచుకొనవలెను, ఉపకార వేతనమునకు దరఖాస్తు నింపవలెను, పరీక్ష ప్రవేశపత్రము దింపుకొనవలెను. వినోదపు పుట తెరచుకొననిచో పోయినది ఒక గంట కాలక్షేపము. గడువుతేదీ గల దరఖాస్తు పుట తెరచుకొననిచో పోవునది ఒక సంవత్సరము. ఈ రెండింటికి ఒకే కొలబద్ద చాలునా?

తెలుగువారికి ఇదివరకే చెప్పబడిన పాఠము

ఒకటి రెండు బ్రౌజర్లు ఇచ్చిన సదుపాయముపై పునాది వేసికొన్నచో ఏమగునో తెలుగువారు ఒకమారు చవిచూచిరి. ఆ కథ నేటి విద్యార్థులకు తెలియదు కనుక చెప్పవలసియున్నది.

తెలుగు అక్షరములకు యూనికోడ్ ప్రమాణములో 1991లోనే చోటు దొరకినది. 3072 మొదలు 3199 వరకు గల 128 సంఖ్యలు తెలుగునకు కేటాయింపబడినవి. ఉదాహరణకు 3120 అన్నచో 'ర', 3126 అన్నచో 'శ'. కాని ఆ సంఖ్యలను చూచి గుణింతములను, వత్తులను పేర్చి చూపగల కంప్యూటర్లు అప్పట్లో ఇంటింట లేవు. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4, నెట్‌స్కేప్ 4 అను రెండు బ్రౌజర్లు, పుటతోపాటు ఫాంటును కూడ పంపించు సదుపాయమును తెచ్చినవి. అయితే ఒకదాని పద్ధతి ఒకటి అంగీకరింపదు. ఒకదానికి ఒక రకపు ఫాంటు ఫైలు, రెండవదానికి మరియొక రకపు ఫైలు.

తెలుగు దినపత్రికలకు ఇది వరమువలె తోచినది. ఈనాడు, వార్త మొదలైన పత్రికలు తమ తమ ఫాంట్లతో వెబ్ పుటలను వెలువరించినవి. ఇందులోని కిటుకు ఏమనగా, పుటలో నిజముగా ఉండునవి ఇంగ్లీషు అక్షరముల సంకేతములే. ఫాంటులో ఆ అక్షరముల స్థానమున తెలుగు ముక్కలు, అనగా తలకట్టులు, గుడులు, వత్తులు గీయబడియుండును. ఫాంటు వచ్చినచో తెలుగు. రానిచో అర్థములేని ఇంగ్లీషు అక్షరముల కుప్ప. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు గనుక ఒక పత్రికలోని 'క' మరియొక పత్రికలో 'క' కాదు.

అమెరికాలోను, గల్ఫు దేశములలోను ఉన్న తెలుగువారు ప్రొద్దుననే ఊరివార్త చదువగలిగినది ఈ ఏర్పాటు వలననే. ఆ మేలును కాదనరాదు. కాని నెట్‌స్కేప్ 2000లో వచ్చిన తన 6వ రూపములో ఆ ఫాంటు సదుపాయమును వదలివేసినది. ఫైర్‌ఫాక్స్ వాడువారికి తెలుగు పుటలు చదువరానివైనవి. వెదకు యంత్రములకు ఆ పుటలలో తెలుగు కనబడలేదు. కనబడినది కుప్ప మాత్రమే. ఒక వాక్యమును తీసి మరియొకచోట అంటించుటకు వీలులేదు. వెన్న నాగార్జున 'పద్మ' అను చిన్న ప్రోగ్రామును వ్రాసి, ఈ ఫాంట్ల సంకేతములను యూనికోడ్ తెలుగుగా మార్చి ఫైర్‌ఫాక్స్‌లో చదువుటకు వీలుకల్పించెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టినదియు ఆయనయే. అది మొదటినుండి యూనికోడ్‌లో నడచినది. అందుచేత నాటి వ్యాసము ఏ బ్రౌజరు వచ్చినను, ఏ బ్రౌజరు పోయినను నేటికిని చదువుటకు, వెదకుటకు దొరకుచున్నది.

పుటతో ఫాంటును పంపు సదుపాయము పిమ్మట సక్రమమైన రూపమున వచ్చినది. 1998నాటి సి.ఎస్.ఎస్. ప్రమాణములోనే అది ఉన్నను, సఫారి 2008లోను, ఫైర్‌ఫాక్స్ 2009లోను, క్రోమ్ 2010లోను దానిని అమలుపరచినవి. అందరికి ఒకే ఫైలు రకము 2012లో ప్రమాణముగా స్థిరపడినది. అనగా ఒక సదుపాయము మొదట కనబడిన నాటినుండి అందరికి ఒకటిగా నిలుచుటకు 15 సంవత్సరములు పట్టినది. ఆ నడుమ తొందరపడి కట్టిన పుటల ఋణము ఇంకను తీరలేదు. అచ్చుపనిలో నేటికిని వాడుచున్న 'అను' ఫాంట్ల వ్రాతను తీసి ఫోనులో అంటించి చూచినచో ఆనాటి కుప్ప ఎట్లుండెడిదో విద్యార్థులు ప్రత్యక్షముగా చూడగలరు.

రెండవ లోపము: అక్షరము లెక్క

ఒక సదుపాయము నాలుగు బ్రౌజర్లలోను ఉన్నదని కొలబద్ద చెప్పును. అది తెలుగునకు సరిగా పనిచేయుచున్నదా అనునది వేరు ప్రశ్న. దానికి ఆ ముద్రలో సమాధానము లేదు.

'శ్రీ' అనునది ఎన్ని అక్షరములు? ఒకటవ తరగతి పిల్లవాడు కూడ ఒకటి అనును. కంప్యూటరు మాత్రము దీనిని నాలుగు సంకేతములుగా దాచుకొనును: శ (3126), పొల్లు (3149), ర (3120), గుడిదీర్ఘము (3136). జావాస్క్రిప్టు భాషలో 'దీని పొడవెంత?' అని అడిగినచో 4 అని చెప్పును. మన ప్రాంతపు పేర్లనే చూడుడు. 'సారపాక' మన లెక్కకు 4 అక్షరములు, సంకేతములు 6. 'భద్రాచలము' 5 అక్షరములు, సంకేతములు 9. 'బూర్గంపాడు' 4 అక్షరములు, సంకేతములు 10. దరఖాస్తు పుటలో 'పేరు 20 అక్షరములకు మించరాదు' అని పెట్టినవారు ఇంగ్లీషును మనసులో ఉంచుకొని పెట్టుదురు. తెలుగులో వ్రాసినచో 10 అక్షరముల పేరుకే ఆ చోటు నిండిపోవచ్చును.

ఈ చిక్కు తీర్చుటకే 'సెగ్మెంటర్' అను సదుపాయము పుట్టినది. అది వ్రాతను మనుష్యులు లెక్కించు అక్షరములుగా విడదీయును. క్రోమ్‌కు 2020లోను, సఫారికి 2021లోను, ఫైర్‌ఫాక్స్‌కు 2024 ఏప్రిల్‌లోను వచ్చినది. ఆ దినముతో దానికి 'క్రొత్తగా లభించినది' అను ముద్ర పడినది. సంతోషమే. కాని అక్షరమును ఎచ్చట విడదీయవలెనను నియమము యూనికోడ్ ప్రమాణములో ఉన్నది. పాత నియమము ప్రకారము పొల్లు తరువాత విరుపు వచ్చును. అప్పుడు 'శ్రీ' అనునది 'శ్', 'రీ' అని రెండగును, 'స్త్రీ' మూడగును. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల విషయమున ఈ నియమమును సవరించినది. క్రొత్త నియమము ప్రకారము సంయుక్తాక్షరము విరుగదు. 'శ్రీ' ఒకటి, 'స్త్రీ' ఒకటి.

ఇందలి సూక్ష్మమును గమనింపుడు. సదుపాయము పేరు ఒక్కటే, ముద్ర ఒక్కటే. కాని పాత నియమము నెరిగిన బ్రౌజరు 'శ్రీ'ని రెండనును. క్రొత్త నియమము నెరిగినది ఒకటి అనును. ఇంగ్లీషు వ్రాతకు రెండును ఒకే సమాధానము చెప్పును గనుక ఇంగ్లీషుతో పరీక్షించినవారికి ఈ భేదము కనబడనే కనబడదు. తెలుగుతో పరీక్షించినవారికే కనబడును. అట్లు పరీక్షింపవలసినవారు ఎవరు? మనమే.

ఇట్టి పరీక్ష జరుగనిచో ఏమగునో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది. ఐఫోనులో ఆపరేటింగు సిస్టము 11.2.5 రూపము నడచుచున్నప్పుడు ఒక తెలుగు అక్షరము సందేశములో వచ్చినంతనే ఆ ప్రోగ్రాము కూలిపోయెడిది. అది 'జ్ఞా' వంటి అక్షరము: జ, పొల్లు, ఞ, వాని తరువాత కంటికి కనబడని విభజన సంకేతము ఒకటి, ఆపై దీర్ఘము. అక్షరములను పేర్చు భాగము ఈ వరుసను ఎదుర్కొనలేకపోయినది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 రూపమును విడుదలచేసి దానిని సరిదిద్దినది. పత్రికలలో దీనిని 'ప్రమాదకరమైన తెలుగు అక్షరము' అని వినోదముగా వ్రాసిరి. అక్షరములో ప్రమాదమేమియు లేదు, పరీక్షలో లోపమున్నది.

తెలుగు లిపి తెలుగునకు మాత్రమే సంబంధించినది కాదని కూడ గుర్తింపవలెను. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన మాతృభాషా బోధనలో కోయ, సవర, గోండి, కొలామి మొదలైన ఎనిమిది భాషల పిల్లలకు తెలుగు లిపిలోనే వాచకములు తయారైనవి. భద్రాచలము చుట్టుపట్ల కోయ పిల్లలు అనేకులు. తెలుగు అక్షరము బ్రౌజరులో విరిగినచో కోయమాటయు విరుగును.

తెలియని మాట ఎదురైనప్పుడు

అట్లయిన క్రొత్త సదుపాయములను వాడనే కూడదా? అట్లనుట తప్పు. అన్ని సదుపాయములు ఒక జాతివి కావు. తెలియని మాట ఎదురైనప్పుడు మేస్త్రి ఏమి చేయునో దానినిబట్టి వానిని విభజింపవచ్చును.

పుటలోని విషయమును తెలుపు భాష హెచ్.టి.ఎమ్.ఎల్. ఇందులో తెలియని గుర్తు వచ్చినచో బ్రౌజరు ఆ గుర్తును విడిచి, లోపలి వ్రాతను మాత్రము చూపును. వ్రాత పోదు. రూపమును తెలుపు సి.ఎస్.ఎస్.లో తెలియని సూచన వచ్చినచో ఆ ఒక్క సూచనను దాటి తరువాతి దానికి పోవును. అందము తగ్గును, చదువు ఆగదు. మూడవది జావాస్క్రిప్టు. ఇది పనులు చేయించు భాష. ఇందులో తెలియని వ్యాకరణము ఒక్కచోట కనబడినను బ్రౌజరు ఆ ఫైలును మొత్తముగా త్రోసివేయును. ఉదాహరణకు ప్రశ్నార్థక చిహ్నమును చుక్కను ప్రక్కప్రక్కన పెట్టి వ్రాయు పద్ధతి ఒకటి 2020లో బ్రౌజర్లకు వచ్చినది. వేయి పంక్తుల ఫైలులో ఒక్కచోట దానిని వాడినను పాత బ్రౌజరు తక్కిన 999 పంక్తులను కూడ చదువదు. పుటలోని వ్రాతయంతయు ఆ ఫైలే తెచ్చి పెట్టవలసియున్నచో, చదువరికి దక్కునది తెల్లని తెర.

ఒక మంచి సదుపాయము ఎట్లుండవలెనో చూపుటకు తెలుగునకే సంబంధించిన ఉదాహరణ గలదు. మాట క్రింద గీత గీసినప్పుడు అది వత్తులను కోసికొనుచు పోవును. 'అమ్మ', 'పద్యము' వంటి మాటలలో వత్తు మసకబారును. వత్తు వచ్చినచోట గీత తెగి, దాటిన పిమ్మట మరల కొనసాగునట్లు చేయు సదుపాయము క్రోమ్‌కు 2018లోను, ఫైర్‌ఫాక్స్‌కు 2019లోను, సఫారికి నేటి రూపమున 2022లోను వచ్చినది. ఇది తెలియని బ్రౌజరులో గీత వత్తుమీదుగా పోవును, అంతే. మాట చదువవచ్చును. తెలిసినవారికి మేలు, తెలియనివారికి కీడు లేదు. 1997నాటి ఫాంటు ఏర్పాటును దీని ప్రక్కన నిలిపి చూడుడు. అందులో సదుపాయము లేనివానికి అక్షరమే లేదు. ఒకటి గోడకు వేసిన రంగు. రెండవది గోడక్రింది పునాది. రంగు ఆలస్యముగా వచ్చినను ఇల్లు నిలుచును.

ఒక ఆక్షేపణ

'అడుగున నున్న పాత ఫోనుకై అందరును ఆగవలెనా? అట్లయిన విజ్ఞానము ముందుకు పోవుటెట్లు?' అని కొందరు వాదింతురు. ఈ మాటలో కొంత న్యాయమున్నది. పాత బ్రౌజరులో భద్రతకు సంబంధించిన లోపములు దిద్దబడక మిగిలిపోవును; డబ్బు లావాదేవీలకు అట్టి పరికరమును వాడుట క్షేమము కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చిన పిమ్మట చాలకాలమువరకు పుటలు వ్రాయువారు దానికొరకే తమ పనిలో సగము వెచ్చింపవలసి వచ్చెను. 2022 జూన్‌లో ఆ బ్రౌజరు వంశము ముగిసినప్పుడు చాలమంది ఊపిరి పీల్చుకొనిరి.

కాని మనము కోరునది ఆగుటను కాదు. విషయమును మొదట సాదాగా నిలిపి, దానిపై క్రొత్త హంగులను చేర్చుమని మాత్రమే. పరీక్ష ఫలితమనగా ఒక సంఖ్య, ఒక పేరు, కొన్ని మార్కులు. వీనిని చూపుటకు 1990నాటి హెచ్.టి.ఎమ్.ఎల్. చాలును. దానిపై గ్రిడ్ వేయుడు, రంగులు వేయుడు, కదలికలు పెట్టుడు, అభ్యంతరము లేదు. క్రొత్త ఫోను గలవానికి అందమైన పుట, పాత ఫోను గలవానికి సాదా పుట. మార్కులు మాత్రము ఇద్దరికిని. ఇది క్రొత్త సిద్ధాంతము కాదు. వెబ్ పుట్టినప్పుడు దానిలో ఉంచబడిన మేలు ఇదియే. తెలియనిదానిని విడిచి తెలిసినది చూపుము అను నియమమునకు ఇంతకన్న వేరు ప్రయోజనము లేదు.

ఖర్చు పెరుగును గదా అందురేమో. పెరుగును. అయితే ఆ ఖర్చు ఎవరో ఒకరు భరింపవలసినదే. పుట వ్రాసినవాడు ఒకమారు భరింపనిచో, వేయిమంది చదువరులు వేయిమార్లు భరింతురు: క్రొత్త ఫోను కొనుటకు గాని, బల్లకట్టు సేవాకేంద్రమునకు పోయి రుసుము చెల్లించుటకు గాని, లేదా ఊరకుండి అవకాశము పోగొట్టుకొనుటకు గాని.

బడిలో చేయదగిన పరీక్షలు

ఈ విమర్శ మాటలతో ముగియరాదు. ఉన్నత పాఠశాలలో ఒక కంప్యూటరు, రెండు మూడు ఫోనులు ఉన్నచో విద్యార్థులే ఈ క్రింది పరీక్షలు చేసి చూడవచ్చును.

మొదటిది: బ్రౌజరు అమరికలలో జావాస్క్రిప్టును నిలిపివేసి, తమకు పనికివచ్చు పుటను మరల తెరచుట. ఏమి మిగిలినదో వ్రాసికొనవలెను. వ్రాత మిగిలినచో పునాది గట్టిది. తెల్లని తెర మిగిలినచో ఆ పుట పాత ఫోనును లెక్కచేయలేదు.

రెండవది: తరగతిలో దొరకిన ఫోనులన్నిటిలో బ్రౌజరు రూపసంఖ్యను, ఆండ్రాయిడ్ సంఖ్యను చూచి పట్టికగా వ్రాయుట. ఎన్ని ఫోనులు ఎచ్చట నిలిచిపోయినవో తెలియును. కొలబద్ద చెప్పలేని సంగతిని ఈ పట్టిక చెప్పును.

మూడవది: పేరు వ్రాయవలసిన చోట 'బూర్గంపాడు' వంటి మాటను తెలుగులో వ్రాసి, ఎన్ని అక్షరములకు చోటు నిండుచున్నదో చూచుట. తరువాత వెనుకకు చెరుపు మీటను నొక్కి, ఒక్కొక్క నొక్కునకు అక్షరము పోవుచున్నదా, వత్తు మాత్రము పోవుచున్నదా గమనించుట.

నాల్గవది: పుటలోని ఒక తెలుగు వాక్యమును తీసి వేరొకచోట అంటించుట. తెలుగే వచ్చినచో అది యూనికోడ్. ఇంగ్లీషు కుప్ప వచ్చినచో పాత ఫాంటు పద్ధతి.

అయిదవది: అక్షరమును రెండింతలు పెద్దది చేసి చూచుట. పంక్తుల నడుమ చోటు చాలక వత్తులు తెగిపోవుచున్నవా? ఇంగ్లీషు అక్షరమునకు సరిపోవు ఎడము తెలుగు వత్తునకు చాలదు.

ఈ ఫలితములను ఉపాధ్యాయులు పుట నిర్వహించు కార్యాలయమునకు జాబు రూపమున పంపవలెను. 'పుట తెరచుకొనలేదు' అని వ్రాసినచో ఎవరికిని ఏమియు తెలియదు. ఏ ఫోను, ఏ బ్రౌజరు, ఎన్నవ రూపము, ఏ అక్షరముదగ్గర చెడినది అని వ్రాసినచో సరిదిద్దుటకు దారి ఏర్పడును. బ్రౌజర్లు తయారుచేయు సంస్థలు కూడ ఇట్టి నివేదికలను బహిరంగముగా స్వీకరించుచున్నవి. శాస్త్రములో పరిశీలనకు విలువ గలుగునది అది ఎక్కడ జరిగినదనుటవలన కాదు, ఎంత స్పష్టముగా వ్రాయబడినదనుటవలన. 'శ్రీ' ఒక అక్షరమని ప్రమాణమునకు తెలిసివచ్చుటకు 1991 నుండి 2023 వరకు 32 సంవత్సరములు పట్టినది. తరువాతి సవరణ అంత ఆలస్యము కాకుండ చూచుటకు, తెలుగు వ్రాయుచు తెలుగు చదువుచు ఉన్న ప్రతి తరగతి గదియు ఒక పరీక్షాశాల కాగలదు.